విరిగితేనే తెలుపు

రాత్రి గట్టి వాన పడిందంటే పొద్దున్నే నాకు కాలు ఇంట్లో నిలవదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్న మా ఊరు ఈస్ట్ డీన్ నుంచి బర్లింగ్ గ్యాప్ అనే సముద్రపు ఒడ్డు సుమారు మైలు. ఇరవై నిమిషాలు నడిస్తే సముద్రం. మొన్న వెళ్లేసరికి సెవెన్ సిస్టర్స్ అనే తెల్లటి సుద్దకొండల వైపు ఒకచోట సుద్ద విరిగిపడి ఉంది. చుట్టూ కొండగోడంతా కాస్త మాసినట్టుంటే, ఆ మేర మాత్రం కళ్లు చెదిరే తెలుపు. కింద నీళ్లు పాలు కలిపినట్టున్నాయి.

ఈ ససెక్స్ తీరానికి వచ్చిన కొత్తల్లో, ఎవరో ఏటేటా వెల్ల వేసినట్టు ఈ కొండలు ఇంత తెల్లగా ఎలా ఉంటాయా అనుకునేదాన్ని. విరుగుతున్నాయి కాబట్టే తెల్లగా ఉంటున్నాయట. అలలు అడుగును కోస్తాయి. వాననీళ్లు పగుళ్లలోకి దిగి, చలికి గడ్డకట్టి వాటిని ఇంకా తెరుస్తాయి. ఏదో ఒకరోజు పైభాగం కూలిపోతుంది. అది ఆగితే కొన్నాళ్లకు గడ్డి మొలిచి మామూలు పచ్చని వాలు అయిపోతుంది. "గోడ కట్టి ఆపొచ్చుగా?" అంటుంది అమ్మ ఫోన్లో. ఆపకూడదనే నా మనసు. కానీ అంచున 1878లో కట్టిన కోస్ట్‌గార్డ్ ఇళ్ల ముందు నిలబడితే ఆ మాట అంత తేలిగ్గా రాదు. ఆ వరసలో కొన్ని ఇప్పటికే లేవు. 2014 తుఫాన్ల తర్వాత ఇంకొకటి తీసేయాల్సి వచ్చింది. కొంచెం అవతల, 1832లో కట్టిన బెల్ టూట్ లైట్‌హౌస్‌నైతే 1999లో కట్టడం మొత్తాన్ని జాకీలతో ఎత్తి 17 మీటర్లు వెనక్కి జరిపారు.

పోటు లేనప్పుడు మెట్లు దిగి, కొండగోడకు బాగా దూరంగా నడుస్తాను. ఆరోజు ఒక ముక్క చేతిలోకి తీసుకున్నాను. తడిసిన సుద్ద వెన్నలా జారింది, వేళ్లన్నీ తెల్లబడ్డాయి. కంటికి కనిపించనంత చిన్న సముద్రపు నాచుల గుల్లలు ఎనిమిది కోట్ల ఏళ్లకు పైగా కిందట పేరుకుని ఇలా అయ్యాయి. వెయ్యేళ్లకు ఒకటి రెండు సెంటీమీటర్లు. అలా పేరుకున్నదే అవతల బీచీ హెడ్ దగ్గర 162 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. ముక్క మధ్యలో నల్లగా, గాజులా మెరుస్తూ చెకుముకి రాయి. ఈ ఒడ్డున గులకరాళ్లు చాలావరకు అవే, మా ఇంటి గోడల్లో ఉన్నవీ అవే. సుద్ద కూడా ఇంట్లోకి వస్తుంది, కుళాయి నీళ్లలో. వారానికోసారి వెనిగర్ పోసి మరిగించకపోతే కెటిల్ అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది.

తిరిగి పైకొచ్చాక చూస్తే ఒక జంట అంచున నిలబడి ఫోటో తీసుకుంటున్నారు. నాకు గుండె దడ. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడతారేమోనని కొంచెం దూరంలోనే ఆగి, "దయచేసి ఇటు వచ్చేయండి" అన్నాను మెల్లిగా. "ఇక్కడ గట్టిగానే ఉందండీ" అన్నాడతను, కాలితో నేలను తట్టి చూపిస్తూ. ఆ తట్టడానికి నా ప్రాణం పోయినంత పనైంది. రెండోసారి బతిమాలితే వచ్చారు. వాళ్లని మెట్ల దగ్గరకు తీసుకెళ్లి, అక్కడినుంచి చూడమన్నాను. వాళ్లు నిలబడిన గడ్డి అంచు కొండగోడకంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని కింద ఏమీ లేదు.

ఆ అమ్మాయి అతని చెయ్యి చాలాసేపు వదల్లేదు.