సబ్బు పెట్టుకోడానికి ఇంత చోటు

రాత్రి పన్నెండున్నరకి బాత్రూంలోంచి ఢామ్మని చప్పుడు. దొంగేమోనని మావారు కర్ర కూడా తీశారు. తీరా చూస్తే, రబ్బరు కప్పులతో గోడకి అతుక్కునే అర నేల మీద బోర్లా పడుంది. షాంపూ సీసా కమోడ్ వెనక్కి దొర్లింది. అత్తయ్యగారి సున్నిపిండి డబ్బా మూత ఊడి, తడినేల మీద పిండంతా ముద్దయిపోయింది. కొని మూడు రోజులే!

తప్పు కొంత మా టైల్స్‌ది కూడా. కప్పులో గాలి బయటికి పోతేనే బయటి గాలి ఒత్తిడికి అది గోడని పట్టుకునేది. మా టైల్స్ మీద చారల డిజైను. ఆ సందుల్లోంచి గాలి మెల్లగా దూరిపోతుంది. ఈ ముక్క అట్టపెట్టె మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఐదు కిలోలు మోస్తుందన్నది మాత్రం బొమ్మతో సహా వేశారు.

రెండోది స్టిక్కరు అర. అంటించాక 24 గంటలు బరువు పెట్టొద్దన్నారు, నేను రెండు రోజులు ఆగాను. గట్టిగానే పట్టుకుంది, అబద్ధమెందుకు. కానీ అడుగున ఒక్క చిల్లు లేదు! పొద్దున సబ్బు పెడితే సాయంత్రానికి జావ. మాది బోరు నీళ్లు, నిలవున్న చోటల్లా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. మూలలు ఎంత ఇరుకంటే తోముదామన్నా వేలు దూరదు. దీన్ని తయారుచేసినవాళ్ల ఇంట్లో సబ్బు తడవదు కాబోలు.

మూడోసారి స్టెయిన్‌లెస్ స్టీలు స్టాండు తెచ్చాం. నాలుగు నెలలకే అతుకుల దగ్గర తుప్పు, టైల్ మీద ఎర్రగా కారిన చార. పట్టుకెళ్లి చూపిస్తే, "ఇది 202 అమ్మా, 304 అడగాల్సింది" అన్నాడు కొట్టతను. ఇవి స్టీలు రకాల నెంబర్లట. 304లో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయట. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, అందుకే చవక, తడికి తొందరగా లొంగిపోతుంది. ఆ మాట అమ్మేటప్పుడే చెప్పొచ్చుగా నాయనా అంటే నవ్వాడు.

ఇక లాభం లేదని మేస్త్రీని పిలిచాం. వంటగట్టు వేసినప్పుడు మిగిలిన నల్ల గ్రానైట్ ముక్క బాల్కనీలో పడుంది. మిషను ముట్టుకోకముందే ఆయన అడిగిన మొదటి మాట, "గీజరు పైపు గోడలో ఎటు పోయిందమ్మా?" అని. దానికి దూరంగా ఉన్న మూల చూసుకుని, ముక్కని ముక్కోణంగా కోశాడు. రెండు వైపులా టైల్స్‌లో గాడి తీసి, దూర్చి, అతికించాడు. ఇల్లంతా దుమ్ము, మంచాల మీద దుప్పట్లతో సహా. మర్నాడు వచ్చి దాని మీద చెంబుడు నీళ్లు పోశాడు. చుక్క నిలవకుండా ముందుకి జారిపోయాయి. పెట్టేటప్పుడే వీసమంత వాలు ఇచ్చాడట.

కూలి ఏడొందలు. ముందు కొన్న మూడింటి ఖరీదూ కలిపి నేను లెక్కేయలేదు, మావారిని వేయనివ్వలేదు.

స్టీలు స్టాండు ఇప్పుడు వంటింట్లో ఉల్లిపాయలు మోస్తోంది. స్టిక్కరు అర మాత్రం ఇంకా గోడకే ఉంది. పీకుదామంటే రావట్లేదు.