వరద నీటిలో నిలిచిన విద్యుత్ కారు

మా బాబాయి గారు విద్యుత్ కారు కొన్న రోజున చూడవచ్చిన వాళ్లందరూ ఒకే మాట అడిగారు, ఎండకు బ్యాటరీ అంటుకోదు కదా అని. గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డున లంకలో ఉంటున్న మేము ఎండ కన్నా ముందు ఇంటి ప్లగ్గుకూ వరద నీటికీ భయపడాలని నాకు తరువాత తెలిసింది.

పోయిన వేసవిలో ఒక రాత్రి ఛార్జింగు ఆపి ప్లగ్గు తీయబోతే అది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. సాకెట్టు రంధ్రాల చుట్టూ తెల్లని ప్లాస్టిక్కు గోధుమ రంగుకు మారి, కమురు వాసన వేసింది. విప్పి చూస్తే లోపల స్క్రూ వదులై ఉంది, ఎర్తు తీగ ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగిపోయింది. నీళ్ల మోటారు కాసేపు నడిచి ఆగుతుంది గాని, కారు సుమారు 3 కిలోవాట్ల చొప్పున ఎనిమిది పది గంటలు ఆపకుండా లాగుతుంది. వదులైన చోట పుట్టిన వేడికి చల్లారే వ్యవధి ఉండదు. మర్నాడే బోర్డు నుంచి విడిగా మందపాటి లైను లాగించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించి, కొత్త ఎర్తు గొయ్యి తీయించాము.

పెట్రోలు కార్లతో పోలిస్తే విద్యుత్ కార్లు అంటుకోవడం తక్కువేనని స్వీడన్, నార్వే లెక్కలు చూపుతున్నాయి. అయితే బ్యాటరీలో ఉండే చిన్న చిన్న సెల్లులలో ఒకదానిలో షార్టు సర్క్యూట్ జరిగితే ఆ వేడి పక్క సెల్లుకు, అక్కడి నుంచి మరొకదానికి పాకుతుంది. దీనినే థర్మల్ రన్‌అవే అంటారు. బాబాయి గారి కారులో ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ, నికెల్ రకం కన్నా ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది గాని, దాని నుంచి కూడా మండే వాయువులు వెలువడతాయి.

ఇక వరద సంగతి. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 అని రాసి ఉంటే, మీటరు లోతు మంచినీటిలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలో నీరు రోజుల తరబడి నిలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్లోరిడాలో ఇయాన్ తుఫాను వేళ సముద్రపు నీట మునిగిన కార్లలో కొన్ని, నీరు తీసిన చాలా రోజులకు అంటుకున్నాయి. ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది, ఆరిన తరువాత కూడా పొరగా మిగిలి తుప్పు పట్టిస్తుంది. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు పోటు నీరు, రొయ్యల చెరువుల నీరు కలిసే చోట ఈ భయం మరింత ఎక్కువ.

కాబట్టి మునిగిన కారును ఆన్ చేయకూడదు, ఛార్జింగు పెట్టకూడదు. ఇంటికి కనీసం 50 అడుగుల దూరంలో, గడ్డిమేటుకు, కొబ్బరి డొక్కల గుట్టకు, తాటాకు పాకకు ఎడంగా ఆరుబయట నిలిపి, కంపెనీ వాళ్లు చూసేదాకా ముట్టుకోకూడదు. కింద నుంచి బుసబుసమనే చప్పుడు గాని, పొగ గాని వస్తే దూరంగా జరిగి 101కి ఫోన్ చేయాలి. అంటుకున్న బ్యాటరీ చల్లబడడానికి వేల లీటర్ల నీరు కావాలి, ఆరిందనుకున్నాక మళ్లీ రాజుకోవచ్చు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది వచ్చేదాకా ఆగితే కాజ్‌వే మునిగిపోవచ్చని, ఎగువన భద్రాచలంలో నీరు పెరుగుతోందని వినగానే కారును గట్టు దాటించి అమలాపురంలోని మా మేనత్త గారింట ఉంచుదామని ఈసారి బాబాయి గారిని ఒప్పించాను.