‘అన్‌ఫిట్’ మాటను రాజ్యాంగంలో చదవండి

చెన్నై అన్నానగర్‌లో గదులు తీసుకుని సివిల్స్‌కూ సీజీఎల్‌కూ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్సెస్సీ పెట్టే పరీక్ష) కలిపి చదివే మన తెలుగువాళ్లలో చాలామంది పాలిటీకి, అంటే రాజ్యాంగం, పాలన పాఠాలకు ఒక పూట, ఇంగ్లిష్‌కు మరో పూట కేటాయిస్తారు. ‘అన్‌ఫిట్’ అనే విశేషణం, దానికి దగ్గరి ఇంగ్లిష్ మాటలతో దాని తేడా నాకు పట్టుబడింది మాత్రం పాలిటీ పూటలోనే.

317వ అధికరణ తీయండి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుణ్ని రాష్ట్రపతి తొలగించడానికి చెప్పిన కారణాల్లో ఒకటి: మానసిక లేదా శారీరక దౌర్బల్యం వల్ల పదవిలో కొనసాగడానికి ‘అన్‌ఫిట్’ కావడం. ఆ తర్వాత 319 చూడండి. యూపీఎస్సీ చైర్మన్ పదవి నుంచి దిగిపోయాక కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కింద మరో ఉద్యోగానికి ‘ఇనెలిజిబుల్’. ఆయన ఎంత సమర్థుడైనా సరే! తెలుగులో రెండింటికీ ‘అనర్హుడు’ అనే రాసుకుంటాం, అక్కడే చిక్కు. మొదటి మాటలో లోపం మనిషి స్థితిలో ఉంది. రెండో దానిలో మనిషికి ఏ లోపమూ లేదు, నియమమే అడ్డు నిలిచింది. ఇంత స్పష్టమైన ఉదాహరణలు నాకు ఏ పదాల జాబితాలోనూ దొరకలేదు.

కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తన నియమావళిలో మూడో నియమం కూడా చదవండి. ప్రభుత్వోద్యోగికి తగని పని చేయరాదని చెప్పడానికి అక్కడ వాడిన మాట ‘అన్‌బికమింగ్’. ఇక్కడ కొలిచేది సామర్థ్యాన్ని కాదు, మర్యాదను. రేపు ఉద్యోగం వస్తే మనం లోబడి ఉండాల్సిన నియమం కాబట్టి నాకు అది ఇట్టే గుర్తుండిపోయింది.

విభక్తుల సంగతి త్వరగా చెప్పేస్తాను. అన్‌ఫిట్ తర్వాత నామవాచకం వస్తే ‘ఫర్’, క్రియ వస్తే ‘టు’. పాడైన మాంసం పట్టుకున్న వార్తల్లో ‘అన్‌ఫిట్ ఫర్ హ్యూమన్ కన్సంప్షన్’ (మనుషులు తినడానికి పనికిరాదు) అని ‘ఫర్’ కనిపిస్తుంది, 317లో ‘టు’ ఉంది. అన్‌సూటబుల్‌కు ‘ఫర్’, అన్‌సూటెడ్‌కు ఎక్కువగా ‘టు’. సీజీఎల్ మొదటి అంచెలో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు, ప్రతి తప్పుకూ అర మార్కు కోత. తప్పును గుర్తించే ప్రశ్నల్లో ఇలాంటి చిన్న మాటలే మార్కులు తినేస్తాయి.

ఇక ఇనాప్ట్, ఇనెప్ట్. మధ్యలో ఒక్క అక్షరమే తేడా, మూలం ఒకే లాటిన్ పదం. సందర్భానికి అతకని పోలిక ఇనాప్ట్, పని చేతకాని అధికారి ఇనెప్ట్. ఆప్షన్లలో రెండూ పక్కపక్కన కనిపిస్తే, ఆ విశేషణం ఒక మాటను వర్ణిస్తోందా, మనిషి పనితనాన్నా అని ముందు చూడండి.