చిలుక తోక మీద పడిన నిమ్మరసం

ఆదివారం, రాత్రి.

పొద్దున గుడికి వెళ్లి వచ్చి, బట్టలు మార్చుకోకుండానే వంటలో దిగడం నేను చేసిన పొరపాటు. పులిహోర కోసం నిమ్మకాయ పిండుతున్నప్పుడు ఒక చుక్క ఎగిరి, కలంతో చేత్తో బొమ్మలు గీసిన నా కలంకారీ చున్నీ అంచు మీద పడింది. వెంటనే కడిగి ఉంటే సరిపోయేదేమో గానీ, పోపు మాడిపోతుందని పొయ్యి వైపు తిరిగాను. మళ్లీ చూసేసరికి అంచులోని మూడో చిలుక తోక మీద నల్లటి గీత మినపగింజంత మేర వెలిసిపోయి, లేత గోధుమరంగుకు దిగింది.

ఈ చున్నీని ఆరేళ్ల క్రితం శ్రీకాళహస్తిలో, రాహుకేతు పూజ చేయించుకుని తిరిగి వస్తూ, కలంకారీ వేసేవారి ఇంట్లోనే కొన్నాను. రెండున్నర మీటర్ల నూలు గుడ్డ. రెండు చివర్లా ఎదురెదురుగా నెమళ్లు, నడుమ తామరపూలు, అంచు పొడవునా తీగల మధ్య వరుసగా చిలుకలు ఉంటాయి. ఆ రోజు ఆ ఇంటి వరండాలో చూసినది గుర్తుండటం వల్లనే, ఇవాళ ఆ చుక్క చేసిన పని ఏమిటో నాకు వెంటనే అర్థమైంది.

కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డను ఆ ఇంటి పెద్దాయన నేల మీద పరిచి, చింతబొగ్గుతో ముందుగా లీలగా బొమ్మ గీసుకున్నారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డలో పక్కలకు పాకదట. తరువాత ఆయన కలం అందుకున్నారు. కొన చెక్కిన వెదురు పుల్లకు గుడ్డపేలిక చుట్టి, దారంతో బిగించిన సాధనం అది. వేళ్లతో ఆ చుట్టను మెల్లగా నొక్కుతుంటే రంగు కొనకు దిగుతుంది. బెల్లం నీళ్లలో ఇనుప తుక్కు వేసి రోజుల తరబడి పులియబెట్టిన ఆ ద్రావణం గిన్నెలో పలుచని డికాషన్‌లా కనిపించింది గానీ, గుడ్డను తాకిన క్షణంలోనే నల్లబడింది. ఇనుము కరక్కాయలోని వగరుతో కలిస్తే నలుపు పుడుతుంది. ఆ పొత్తును పులుపు విడదీస్తుంది. ఇవాళ నా వంటింట్లో జరిగినది అదే.

ఎరుపు దారి వేరు. పటిక నీళ్లు పూసిన చోట్లే పట్టేలా, మంజిష్ట వంటి వేర్లు వేసిన నీళ్లలో గుడ్డను కాస్తారు. ఆ పైన పేడనీళ్లలో నానబెట్టి, పారే నీటిలో ఉతికి, ఎండబెట్టి, మిగిలిన చోట్ల ఉన్న పసుపు ఛాయను పోగొడతారు. ఊరి పక్కన స్వర్ణముఖి ఉండటమే ఈ పని అక్కడ నిలదొక్కుకోవడానికి ఒక కారణం.

మధ్యాహ్నం చున్నీని చల్లని నీళ్లలో, పలుచని కుంకుడు రసంతో ఉతికాను. తడి గుడ్డను వెలుతురుకు పట్టుకుని చూస్తున్నప్పుడు, ఇన్నేళ్లుగా గమనించనిది ఒకటి కనిపించింది. ప్రతి చిలుక వీపు మీదా గీత మెడ దగ్గర లావుగా మొదలై, తోకకు వచ్చేసరికి సన్నబడుతోంది. కలంలో రంగు నిండుగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, తరుగుతూ ఉండగా ముగించిన గీత అది. నాలుగో చిలుకకు నడుం దగ్గరే రంగు తరిగిపోయినట్టుంది, అక్కడ కలాన్ని మళ్లీ ముంచి గీతను అతికించిన చోటు వెంట్రుకవాసి ఎడంగా తెలుస్తోంది. ఏ రెండు చిలుకల కన్నూ ఒక్కలా లేదు.

బజారులో కలంకారీ అన్న పేరుతో యంత్రం మీద అచ్చువేసిన చున్నీలు రాశులుగా అమ్ముతున్నారు. వాటిలో మొదటి చిలుకా నూరో చిలుకా ఒకటే. అవి కొనుక్కునేవారిని నేను తప్పుపట్టను, కానీ ఆ పేరు మాత్రం వాటికి చెల్లదని గట్టిగా నమ్ముతాను. పెడన, మచిలీపట్నంలలో చెక్క అచ్చులతో వేసే కలంకారీ వేరే సంగతి. అదీ చేతిపనే, దాని అందం దానిదే. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లోనే, ఫలానా ఊరి పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చినా, అంగడిలో అడిగి తెలుసుకుని కొనేవారు తక్కువే.

గుడి తెరల మీద రామాయణ, భారత ఘట్టాలను గీసి, కింద తెలుగులో కథ రాసిన కళను చున్నీల మీదికి దించేశారని బాధపడేవాళ్లు నాకు తెలుసు. నేను ఒప్పుకోలేను. ఈ విద్య అంతరించే దశలో ఉండగా, 1950ల చివర్లో, చేతివృత్తులను నిలబెట్టడానికి కృషి చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వెలిసింది. ఆ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద తెరలు కొనేవారు ఏ కాలంలోనైనా కొద్దిమందే. రోజూ కలం పట్టే చేతికి రోజూ పని ఉండాలంటే చీరలూ చున్నీలూ ఉండవలసిందే, ఆ చేయి ఆడుతుంటేనే రేపు ఎవరైనా తెర అడిగినప్పుడు గీయగలిగేవారు మిగులుతారు.

సాయంత్రం అమ్మ మరకను చూసి, "నల్లదారంతో నాలుగు కుట్లు వేస్తే కనపడదు కదే" అంది. "వద్దమ్మా, దారం దారంలానే ఉంటుంది, గీత కాదు" అన్నాను. అమ్మ కాసేపు ఆ చిలుకనే చూసి, "అయితే కార్తీకంలో ఎలాగూ కాళహస్తి వెళ్తాం కదా, వాళ్లకే చూపిద్దాంలే" అంది. అంత చిన్న చోట మళ్లీ కరక్కాయ పట్టించి గీత కలపడం వీలవుతుందో లేదో ఆ పెద్దాయననే అడగాలి.

నీడలో ఆరిన చున్నీని, మూడో చిలుక పైకి కనిపించేలా మడిచి, ఊరికి తీసుకువెళ్లే సంచిలో పెట్టాను.