పక్కిల్లు హెచ్‌ఎమ్‌ఓ అవుతోందని తెలిశాక: ఇంగ్లండులో నా అనుభవం

మాది సెమీ ఇల్లు. పక్కింటికీ మాకూ మధ్య ఉన్నది ఒకే గోడ. ఆ ఇంటి పెద్దావిడ పోయాక పిల్లలు ఇల్లు అమ్మేశారు. కొన్నాయన కాపురానికి రాలేదు, బిల్డర్లను పంపాడు. అటక మీద రెండు గదులు, హాలు మధ్యలో అడ్డుగోడ, ప్రతి తలుపుకీ విడిగా తాళం. వీధి వాట్సాప్ గ్రూపులో ఇక ఒకటే మాట, హెచ్‌ఎమ్‌ఓ.

ఒకే కుటుంబానికి చెందని ముగ్గురు, లేదా ఇంకా ఎక్కువమంది, వంటగదీ బాత్రూమూ పంచుకుంటూ అద్దెకుండే ఇంటిని ఇక్కడ అలా అంటారు. మన పిల్లలు చదువుకోడానికి వచ్చి ముందు దిగేది ఇలాంటి ఇళ్లలోనే. నేనూ అలాగే ఉన్నాను. అందుకే "ఎలాంటివాళ్లు వస్తారో ఏమో" అని గ్రూపులో ఎవరో రాస్తే ఒళ్లు మండింది. అలాగని నాకు బెంగ లేదనను. అటకకు వేసే కొత్త మెట్లు సరిగ్గా మా పాప పడుకునే గది గోడ వెంబడే వెళ్తున్నాయి.

వీధి చివర ఉండే గుంటూరు అన్నయ్యకి ఇలాంటి ఇల్లొకటి ఉంది. ఆయన్నే అడిగాను. "ముందు ప్లానింగ్ సంగతా, లైసెన్సు సంగతా తేల్చుకోమ్మా. రెండూ వేరువేరు ఆఫీసులు. ఇక్కడ చెప్పింది అక్కడ ఎవరి చెవికీ ఎక్కదు" అన్నాడు. నాకందిన సలహాల్లో పనికొచ్చింది ఇదొక్కటే.

ప్లానింగ్ అంటే ఇంటిని దేనికి వాడుకోవచ్చో చూసే విభాగం. వాళ్ల లెక్కలో కుటుంబం ఉండే ఇల్లు సీ3, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా పంచుకునే ఇల్లు సీ4. ఇంగ్లండులో 2010 అక్టోబరు నుంచి సీ3ని సీ4గా మార్చడానికి మామూలుగా పర్మిషన్ అక్కర్లేదు. కౌన్సిల్, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, ఆర్టికల్ 4 అనే ఆదేశం తెస్తే మాత్రం కావాలి. బర్మింగ్‌హామ్‌లో 2020 జూన్ నుంచి నగరమంతటా అది అమల్లో ఉంది. మా కౌన్సిల్లో లేదు. అయితే మా పక్కింటాయన ఆశపడి ఏడుగురికి దరఖాస్తు పెట్టాడు. ఆరుగురు దాటితే ఆ ఇల్లు ఏ తరగతిలోకీ రాదు, ఎక్కడైనా సరే పర్మిషన్ తీసుకోవాల్సిందే. అలా మాకు మాట్లాడే అవకాశం దొరికింది.

అభ్యంతరాలు చెప్పడానికి 21 రోజుల గడువిచ్చారు. వీధిలో అందరూ రాసిన తొలి ఉత్తరాలు చదివి తల పట్టుకున్నాను. ఇళ్ల ధరలు పడిపోతాయనీ, ఓనరుకి డబ్బు యావ అనీ, అద్దెకొచ్చేవాళ్లకి వీధి మీద ప్రేమ ఉండదనీ. ఇందులో ఏ ఒక్కటీ ప్లానింగ్ అధికారి లెక్కలోకి తీసుకోవడానికి వీల్లేదు. ఇంటి ధర, దరఖాస్తుదారు గుణగణాలు, వచ్చేవాళ్లు ఎవరన్నది వాళ్లకి అనవసరం. చప్పుడు, పార్కింగ్, చెత్త డబ్బాలు పెట్టే చోటు, గదుల్లోకి వెలుతురు, ఇలాంటివే చూస్తారు. పైగా మనం రాసింది మన పేరుతో కౌన్సిల్ వెబ్‌సైట్లో కనబడుతుంది. విదేశీయుల గురించి ఒకాయన రాసిన వాక్యాన్ని కౌన్సిల్ వాళ్లు తీసేశారు. తీసేశారని ఆయన మళ్లీ గ్రూపులో గొడవ.

నేను మాత్రం కౌన్సిల్ సైట్లో పెట్టిన నక్షాలు దింపుకుని కూర్చున్నాను. స్కేలు అక్కడే ఉంటుంది కాబట్టి గదులు కొలవడం కష్టం కాదు. వెనక గది కిటికీ ఎదురుగా మూరెడు దూరంలో గోడ. ఏడుగురి చెత్తకు చూపించిన జాగాలో ఒక్క డబ్బా పట్టదు. రాత్రిళ్లు వీధిలో కార్లు ఎలా ఆగుతున్నాయో మా ఆయన ఫోటోలు తీశాడు. ఇవే రాశాం, ఇంకేం రాయలేదు.

ఏడుగురికి పర్మిషన్ ఇవ్వలేదు. కారణాల్లో వెనక గదీ, చెత్త డబ్బాల జాగా రెండూ ఉన్నాయి, పార్కింగ్ లేదు. గ్రూపులో పండగే పండగ. ఆరుగురికైతే ఆయనకి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదని నేను రాస్తే ఒక్కరూ జవాబివ్వలేదు. ఆయన కూడా ఆరుగురికే సిద్ధపడ్డాడు. ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి అప్పీలు చేసుకోడానికి ఆరు నెలలు సమయమున్నా ఆ జోలికే పోలేదు.

ఈ గొడవ నడుస్తుండగానే ఇంకో కాగితం వచ్చింది. నిజానికి మాకు ఎక్కువ మేలు చేసింది అదే. అటక కోసం ఉమ్మడి గోడలోకి ఇనుప దూలం దించాలి. 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం ప్రకారం దానికి రెండు నెలల ముందు పక్కవాళ్లకి నోటీసివ్వాలి. మనం 14 రోజుల్లో ఒప్పుకోకపోతే, ఊరుకున్నా సరే, వివాదం ఉన్నట్టే లెక్క, సర్వేయరు రంగంలోకి వస్తాడు. ఖర్చు సాధారణంగా పని చేయించుకునేవాళ్లదే. పని ఆపే హక్కు మనకి లేదు, ఎలా జరగాలో చెప్పించుకునే హక్కు ఉంది. సర్వేయరు మా గోడలన్నీ ఫోటోలు తీసి, పని వేళలు కాగితం మీద పెట్టాడు. తర్వాత పాప గదిలో పెచ్చు ఊడి బీట వచ్చింది. ఆ ఫోటోలు ఉన్నాయి కాబట్టి ఓనరు మారు మాట్లాడకుండా బాగుచేయించాడు.

ఆ సందర్భంలోనే ఆయనకి ఫోన్ చేశాను. మెట్ల పక్క గోడ ఎలాగూ తెరిచే ఉంది కదా, చప్పుడు రాకుండా ఏదైనా వేయించండి అని అడిగాను. కాస్త నసిగి వేయించాడు. చట్టం ప్రకారం అడిగుంటే ఆ పని అయ్యేదో కాదో.

ఇక లైసెన్సు. వేరువేరు కుటుంబాలవాళ్లు ఐదుగురు, ఆపైన ఉంటే అది తప్పనిసరి. ఒకప్పుడు మూడంతస్తుల ఇళ్లకే ఉండేది, 2018 అక్టోబరు 1 నుంచి అంతస్తులతో పనిలేదు. దీనికి పక్కవాళ్ల అభిప్రాయం అడగాలన్న నియమం లేదు. అయినా ఆ విభాగానికి ఈమెయిల్ పెట్టాను. పెద్దవాళ్లు ఒకరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరైతే 10.22 ఉండాలి. పైకప్పు ఎత్తు ఒకటిన్నర మీటరు కన్నా తక్కువున్న నేల ఆ లెక్కలోకి రాదు. అటక గదుల్లో చిన్నదాని కప్పు ఏటవాలుగా దిగిపోతుంది. ఆ భాగం తీసేస్తే కొలత చాలదని నక్షా జోడించి రాశాను. అధికారి వచ్చి కొలిచారు. లైసెన్సు ఐదుగురికే వచ్చింది, ఆ చిన్న గది ఇప్పుడు సామాన్లకి.

వీధి మొత్తం రాసిన ఉత్తరాలు ఏడుని ఆరు చేస్తే, కప్పు వాలు ఆరుని ఐదు చేసింది. ఈ సంగతి గ్రూపులో చెప్పలేదు. అందరూ తమ ఉత్తరం వల్లే అయిందనుకుంటున్నారు, అనుకోనీ.

లైసెన్సు ఉన్న ఇళ్ల రిజిస్టరు ఎవరైనా చూడొచ్చు. లైసెన్సుదారుడి, మేనేజరు పేర్లూ చిరునామాలూ అందులో ఉంటాయి. అద్దెకొచ్చినవాళ్లు పొద్దున్నే పనికిపోయి రాత్రికి వస్తారు, ఎదురైతే పలకరిస్తారు. వాళ్ల నుంచి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా వాటంతటవే మూసుకునే ఆ ఫైర్ తలుపులతో. మొదట్లో ధడేల్‌మంటే పాప ఉలిక్కిపడి లేచేది. మేనేజరుకి రాస్తే పైనుండే స్ప్రింగులు సరిచేయించాడు, ఇప్పుడు నెమ్మదిగా పడుతున్నాయి. చెత్త డబ్బాలు మాత్రం ఇంకా ఫుట్‌పాత్ మీదే ఉంటున్నాయి. వాటి గురించి మళ్లీ రాయాలి.