కోయకముందే మందులెందుకు?

ఇంటర్ రెండో ఏడాదిలో నా ఎడమ మోకాలి పైన మొదలైన నొప్పిని ఇంట్లో అందరూ కబడ్డీ దెబ్బగానే లెక్కగట్టారు. పగటికంటే రాత్రి పడుకున్నాక అది ఎక్కువగా సలిపేది. దెబ్బ అయితే విశ్రాంతితో తగ్గాలి గదా అని ఎవరికీ తోచలేదు. రెండు నెలలకు వాపు కనబడేసరికి అవ్వ పుత్తూరు కట్టు కట్టించుకొని రమ్మని పట్టుబట్టింది. బయలుదేరేలోగా అనంతపురంలో ఎక్స్‌రే తీయించడం నా అదృష్టం; ఆ ఫోటో చూసిన డాక్టరుగారు మర్దన కూడా చేయించవద్దని హెచ్చరించి బెంగళూరుకు పంపించారు.

అక్కడ కాలికి ఎమ్మారై, ఛాతీకి సీటీ స్కాన్ తీశారు. ఎముక క్యాన్సరేమోనని వాళ్ళ అనుమానం; అది పాకితే ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకే. గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్షను (బయాప్సీ) మాత్రం, ఆపరేషన్ చేయబోయే సర్జనుగారే చేశారు. సూది వెళ్ళిన దారిలో క్యాన్సర్ కణాలు మిగిలే వీలుంది గనుక ఆ దారిని కూడా గడ్డతోపాటే తీసివేయాలట. తొడ ఎముక కింది కొసలో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఉందని తేలింది. ముందు పది వారాలు క్యాన్సర్ మందులు (కీమో) ఎక్కించి, ఆ తరువాతే ఆపరేషన్ అన్నారు.

"కోసి పారేస్తే పోయేదానికి పది వారాలు ఎందుకు కాసుకోవాల సార్?" అని మా నాయన అడిగాడు. స్కానులో కనబడేది గడ్డ ఒక్కటేననీ, కంటికి కనబడని కణాలు అప్పటికే రక్తంలో కలిసి ఉండవచ్చనీ, ముందు మందులిచ్చి తరువాత తీసిన గడ్డలో 90 శాతానికి పైగా చచ్చిపోయి ఉంటే మందు బాగా పనిచేసినట్టనీ డాక్టరుగారు ఓపికగా చెప్పారు. పక్క మంచం అబ్బాయికి యూయింగ్ సార్కోమా అనే ఇంకో రకం ఎముక క్యాన్సర్. వాడికి పెట్టినట్టు నాకూ కరెంటు (రేడియేషన్) పెట్టమని నాయన అడిగితే, నా రకం దానికి అంతగా లొంగదన్నారు.

మెథోట్రెక్సేట్, సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ అని నాకిచ్చిన మూడు మందుల్లో చివరిది ఎర్రగా ఉంటుంది. అది ఎక్కించిన సాయంత్రం మూత్రం కూడా ఎర్రగా రావడంతో నెత్తురనుకొని అమ్మ గోడ పట్టుకొని కూలబడింది. అది మందు రంగేనని నర్సు చెప్పాకే లేచింది. మెథోట్రెక్సేట్ ఎక్కించాక దాని విషం విరగడానికి ల్యూకోవోరిన్‌ను గడియారం చూసి, నిద్ర లేపి మరీ ఇచ్చేవారు. నోరంతా పూసి సంగటి మింగుడుపడక రాగిజావతోనే నెట్టుకొచ్చాను.

ఎముక కొసను, మోకీలును తీసి లోహపు కీలు అమర్చారు. పెద్ద రక్తనాళాలను గడ్డ చుట్టుకొని ఉంటే కాలు తీయాల్సి రావచ్చు; గడ్డ మొత్తం అంచులతో సహా వచ్చేటట్టయితే, కాలు నిలిపినా తీసినా ప్రాణానికి సంబంధించి పెద్ద తేడా ఉండదని చెప్పారు. కాలు పోగొట్టుకున్న కడప పిల్లవాడొకడు కృత్రిమ కాలితో నాకంటే ముందే నడిచాడు. నిజం చెప్పాలంటే, వాణ్ని చూసి అసూయపడ్డాను.

ఆపరేషన్ తరువాత మళ్ళీ నెలల తరబడి మందులు నడిచాయి. ఇప్పుడు గొంతుకు కూర్చోలేను, కాబట్టి చేలో శనక్కాయలు ఒలిచేటప్పుడు నాకొక్కడికే స్టూలు వేస్తారు. ఛాతీ ఎక్స్‌రే చెకప్పుకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ, పుత్తూరు మాట ఎత్తకుండా, "రొమ్ము ఫోటో ఎట్లుందంట్రా?" అని అవ్వే ముందుగా అడుగుతుంది.