‘గా’ కంటే ముందు ‘ఎలా’

ప్రాథమిక తరగతులలో తెలుగు చెప్పే మాలో చాలామంది క్రియా విశేషణం పాఠాన్ని నిర్వచనంతోనే మొదలుపెడతారు. క్రియ జరిగిన తీరును తెలిపే పదం అని బోర్డు మీద రాసి, చివర ‘గా’ ఉంటే అది క్రియా విశేషణమని ఒక గుర్తు చెప్పి, పది వాక్యాలిచ్చి గీతలు గీయిస్తారు. నేను ఈ వరుసను పూర్తిగా తిరగవేస్తాను. మూడో తరగతికి వచ్చిన పిల్లలు ‘మెల్లగా పో’, ‘గట్టిగా అరవకు’ అని ఇంట్లోనూ వీధిలోనూ రోజూ అంటూనే ఉంటారు కనుక వారికి కొత్తగా నేర్పవలసింది ఆ పదాలను కాదు, అవి వాక్యంలో ఏ పని చేస్తున్నాయో గమనించడాన్ని. అందుకే క్రియా విశేషణమనే పేరు నా తరగతిలో అన్నిటికంటే చివర వస్తుంది.

మొదట ఆట. ఒక విద్యార్థిని ముందుకు పిలిచి తలుపు నుంచి కిటికీ దాకా నడవమంటాను. తరువాత వచ్చేవారు కూడా అదే దూరం నడవాలి కానీ మరో తీరులో నడవాలి. చూస్తున్నవారు ఎలా నడిచాడో ఒక్క మాటలో చెప్పాలి. నెమ్మదిగా, గర్వంగా, భయంభయంగా, కుంటుతూ, దొంగలా అంటూ పిల్లలు పోటీపడి చెప్తారు. బోర్డు మీద ‘నడిచాడు’ అన్న క్రియను మాత్రం కదపకుండా, ప్రతి కొత్త మాటనూ దానికి ఎడమ పక్కన రాస్తూ, వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివిస్తాను. క్రియ ఒక్కటే అయినా నడక ప్రతిసారీ మారుతోందని వారే అంటారు. ‘కుంటుతూ’ అనేది శత్రర్థకమని, అంటే జరుగుతూ ఉన్న పనిని తెలిపే అసమాపక క్రియ అని, పై తరగతులలో ఎలాగూ నేర్చుకుంటారు కనుక ఈ వయసులో దానిని కాదనవలసిన అవసరం లేదు.

ఆ తరువాత జంట పదాలకు వస్తాను. నా దృష్టిలో ఈ పాఠానికి తెలుగులో ఇంతకంటే గొప్ప సామగ్రి లేదు. పకపక నవ్వుతాం, గటగట తాగుతాం, కరకర నములుతాం, గజగజ వణుకుతాం, వెక్కివెక్కి ఏడుస్తాం. చినుకులు టపటప రాలుతాయి, నక్షత్రాలు మిలమిల మెరుస్తాయి. వీటిలో ‘గా’ లేకపోయినా ప్రతి ఒక్కటీ క్రియ జరిగిన తీరునే చెబుతుంది. పైగా ఒక్కొక్క పదానికి తనదైన క్రియ ఉంటుంది. ‘గజగజ నవ్వాడు’ అని రాస్తే తరగతి అంతా గొల్లుమంటుంది, ఎందుకు తప్పో నియమం చెప్పకుండానే వారికి తెలిసిపోతుంది. వీటన్నిటినీ ధ్వన్యనుకరణాలని ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు; నక్షత్రం మెరిస్తే చప్పుడు రాదు కదా! ఠక్కున, చటుక్కున, తటాలున వంటివి కూడా ఇక్కడే చేరుస్తాను. ‘గా’ అనే గుర్తును మాత్రమే నమ్ముకున్న పిల్లలు ఈ పదాలన్నిటినీ వదిలేస్తారు.

ఆ గుర్తుతో వచ్చే అసలు చిక్కు మరొకటి ఉంది. ‘పాప బొద్దుగా ఉంది’, ‘మామిడికాయ పుల్లగా ఉంది’ అన్న వాక్యాలలో ‘గా’ కనిపిస్తుంది, ‘ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకు జవాబు కూడా వస్తుంది, కానీ ఆ మాటలు చెప్పేది పాప గురించి, కాయ గురించి. ఏ పని ఎలా జరిగిందో అక్కడ లేనే లేదు. ‘మా అత్త నర్సుగా పనిచేస్తోంది’ అన్నప్పుడు తెలిసేది ఆమె ఉద్యోగం, పనిచేసే తీరు కాదు. ‘తినగా మిగిలిన అన్నం’, ‘వచ్చాడుగా’ అన్న చోట్ల ఆ అక్షరం చేసే పనులు పూర్తిగా వేరు. అందువల్ల నేను ‘ఎలా ఉంది?’ అని ఎన్నడూ అడగను, ‘ఎలా చేసింది?’ అని మాత్రమే అడుగుతాను. అయినా సందేహం తీరకపోతే ఆ పనిని చేసి చూపించమంటాను. నెమ్మదిగా నడవడం చూపించగలరు, నర్సుగా పనిచేయడాన్ని చూపించబోతే సూది వేసినట్లు నటిస్తారు, నర్సు చేసే పని తెలుస్తుందే తప్ప ఆమె దానిని ఓపికగా చేస్తుందో విసుగ్గా చేస్తుందో తెలియదు. ఓపికగా, విసుగ్గా వంటి మాటే మనకు కావలసిందని అప్పుడు సులువుగా అర్థమవుతుంది.

తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడులలో 1 నుంచి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం రావడంతో, ఇదే పాఠం పిల్లలకు ఇంగ్లీషులోనూ ఎదురవుతోంది. ‘స్లో’కు ‘లీ’ చేరిస్తే ‘స్లోలీ’ అయిందని తెలియగానే ‘ఫాస్ట్’ను ‘ఫాస్ట్‌లీ’ చేస్తారు, ‘హార్డ్’కు ‘లీ’ తగిలించి కష్టపడి చదివాడని రాయబోయి చదవనే లేదన్నంత అర్థం తెస్తారు. ‘ఫ్రెండ్లీ’ చివర ‘లీ’ ఉన్నా అది నామవాచకాన్ని వర్ణించే మాట. చివరి అక్షరాన్ని బట్టి తేల్చేయడం అక్కడా పనికిరాదు కనుక ‘ఎలా చేసింది?’ అన్న ప్రశ్ననే ఆ పీరియడులోనూ వాడుకోవచ్చు. తెలుగులో ఈ మాట సాధారణంగా క్రియకు ముందు నిలిస్తే ఇంగ్లీషులో ఎక్కువగా తరువాత వస్తుందన్నది మాత్రం విడిగా అభ్యాసం చేయించాలి.

నిన్న, ఇక్కడ, పైన వంటి కాల, స్థల సూచకాలను మూడో తరగతిలో నేను ముట్టుకోను, అవి నాలుగో తరగతికి ఆగగలవు. గీత గీసే ప్రశ్నకు బదులు రాత పని ఇస్తాను: ‘కుక్క వచ్చింది. పిల్లి చూసింది. చెట్టెక్కింది.’ అన్న మూడు వాక్యాలకూ ఒక్కొక్క మాట చేర్చమంటాను. మొదటిసారి సగం మంది ప్రతి చోటా ‘వేగంగా’ అనే రాస్తారు. ఒకే మాటను రెండుసార్లు వాడకూడదన్న షరతు పెడితే పిల్లి బిత్తరబిత్తరగా చూస్తుంది, గబగబ చెట్టెక్కుతుంది.